కుంకుమ ఎరుపు ఇటుక రంగు ఎందుకైంది?

ప్రశ్న: మాది తిరుపతి, బైరాగిపట్టెడ. పెళ్లయ్యాక ఉద్యోగం మానేసి, మూడేళ్లుగా ఇంట్లోనే శుభలేఖలు, ఫ్లెక్సీలు, చిన్న దుకాణాల బోర్డులు డిజైన్ చేస్తున్నాను. ఉన్నది పాత ల్యాప్‌టాప్ ఒక్కటే. పోయిన నెల ఒక శుభలేఖకు కుంకుమ ఎరుపు వేస్తే 500 ప్రతులూ ఇటుక రంగులో వచ్చాయి. పెళ్లివారు తీసుకోలేదు, ఖర్చంతా నా మీదే పడింది. ఫైలులో ఉన్నదే అచ్చయిందని ప్రెస్సువాళ్లు అంటున్నారు. మంచి మానిటర్ కొందామని 20,000 రూపాయలు పక్కన పెట్టాను. దుకాణంలో 27 అంగుళాల వంపు తెర చూపించి, 165 హెర్ట్జ్ కాబట్టి డిజైనింగ్‌కు ఇదే మంచిదన్నారు. మా వారేమో ఆ డబ్బుకు 32 అంగుళాల టీవీ వస్తుంది, ఇంటికీ పనికొస్తుంది అంటారు. తెలిసినవాళ్లు 4కే తప్ప ఇంకేదీ కొనవద్దంటున్నారు. నేను ఏది కొనాలి?
— ఒక సోదరి, తిరుపతి

సమాధానం: అమ్మా, ముందు ఆ 500 శుభలేఖల సంగతి తేల్చుకుందాం. ఏ మానిటర్ కొనాలన్నదానికి జవాబు ఆ ఇటుక రంగులోనే ఉంది.

ప్రెస్సువాళ్లు చెప్పింది నిజమే అయి ఉంటుంది. మీ కన్నులోనూ లోపం లేదు. మధ్యలో ఉన్న తెర మీకు ఒక రంగు చూపించి, ఫైలులో ఇంకో రంగు పెట్టించింది. తక్కువ ధర ల్యాప్‌టాప్‌లకు ఎక్కువగా వేసే తెరలు '45 శాతం ఎన్‌టీఎస్‌సీ' రకానివి (ఎన్‌టీఎస్‌సీ అంటే పాత టీవీ రంగుల కొలమానం). కంప్యూటర్ రంగులకు 1996లో ఏర్పడ్డ ప్రమాణం ఎస్‌ఆర్‌జీబీ. అందులో మూడింట రెండు వంతులకు కొంచెం తక్కువే ఈ తెరలు చూపించగలవు. ఆ లోటు ఎరుపులో బాగా తెలుస్తుంది. కుంకుమ ఎరుపు వాటి మీద నారింజ వైపుకు జరిగి, రెండు ఉతుకులు పడ్డ చీరలా వెలిసిపోయి కనబడుతుంది. అది చాలలేదనిపించి మీరు ఇంకాస్త చిక్కబరిచి ఉంటారు. చిక్కబరచడమంటే చాలామంది చేసేది నలుపుతో పాటు కొంత సయాన్, అంటే అచ్చు సిరాల్లోని లేత నీలం, కలపడం. అప్పుడు తెర మీద కుంకుమలాగే కనబడింది. ప్రెస్సులో మాత్రం మెజెంటా (గులాబీ ఎరుపు సిరా), పసుపు నిండుగా పడ్డాయి, వాటి మీద మీరు కలిపిన సయాన్ కూడా అంతే నిజాయితీగా పడింది. ఎరుపులో సయాన్ పాతిక శాతం చేరితే చాలు, కుంకుమ కళ పోయి ఇటుక మిగులుతుంది.

ఈ మాట నిజమో కాదో మీరే చూసుకోవచ్చు. ఆ ఫైలు తెరిచి, ఎరుపు మీద ఐడ్రాపర్ (రంగును చదివే పనిముట్టు) పెట్టి, సీఎంవైకే అంకెలు, అంటే సయాన్, మెజెంటా, పసుపు, నలుపు సిరాల శాతాలు, చదవండి. సయాన్ 20 దాటి ఉంటే నా అనుమానం సరైనదే. ఫైలు ఆర్‌జీబీలోనే (తెర వాడే ఎరుపు, ఆకుపచ్చ, నీలం లెక్కలో) పంపి ఉంటే, సీఎంవైకేలోకి మార్చింది వాళ్ల కంప్యూటర్. అప్పుడు ఏ లెక్కన మార్చారో వాళ్లనే అడగాలి. శుభలేఖ ఎరుపుకు నేను ఏళ్లుగా వాడే మిశ్రమం చెబుతాను, రాసిపెట్టుకోండి: సయాన్ 0, మెజెంటా 100, పసుపు 90, నలుపు 10. ముదురు కావాలంటే నలుపును 20 దాకా తీసుకెళతాను గానీ సయాన్ జోలికి వెళ్లను.

కాబట్టి మీకు కావలసింది ఎరుపును ఎరుపుగా చూపే తెర. ఎంత పెద్దది, ఎంత వేగమైనది, ఎంత వంపు తిరిగినది అన్నవన్నీ ఆ తరువాతి సంగతులు.

దుకాణంలో చూపిన వంపు తెర గురించి. 165 హెర్ట్జ్ అంటే తెర సెకనుకు 165 సార్లు బొమ్మను మారుస్తుందని అర్థం. ఆటలు ఆడేవారికి అది నిజంగా ఉపయోగమే. కదలని శుభలేఖకు 60 హెర్ట్జ్ చాలు. ఆ ధరలో దొరికే వంపు తెరలు చాలావరకు వీఏ రకం ప్యానెల్‌తో వస్తాయి. వీఏలో నలుపు గాఢంగా ఉంటుంది, అది దాని మంచి గుణం. కానీ కొంచెం పక్కకు జరిగి చూస్తే ముదురు రంగులు తేలిపోతాయి. వధువు కట్టిన మెరూన్ పట్టుచీర నడిమధ్యలో ఒక ఛాయ, అంచు దగ్గర ఇంకో ఛాయ కనబడితే దేన్ని నమ్మి సరిదిద్దుతారు? పైగా శుభలేఖకు నాలుగు వైపులా వేసే సన్నని అంచు గీత వంపు తెర మీద వంగినట్టే ఉంటుంది. ఇంకొకటి, 27 అంగుళాల తెరలో 1920×1080 చుక్కలే (పిక్సెల్‌లే) ఉంటే అంగుళానికి 82 మాత్రమే పడతాయి. 'లక్ష్మీ', 'స్త్రీ' వంటి మాటల్లో ఒత్తులు చిన్న సైజులో అలుక్కుపోయినట్టు కనబడతాయి. తెలుగు అక్షరంతో పనిచేసేవారికి ఇది చిన్న విషయం కాదు.

టీవీ విషయంలో మీ వారి ఆలోచన ఇంటి ఖర్చు కోణంలో సరైనదే. ఒక వస్తువు రెండు పనులకు వస్తే ఎవరికి చేదు? కానీ 32 అంగుళాల టీవీల్లో చాలావాటికి 1366×768 చుక్కలే ఉంటాయి. అంగుళానికి 49. అడుగున్నర దూరంలో కూర్చుంటే చుక్కలు లెక్కపెట్టవచ్చు. రంగుల విషయంలో టీవీకి ఇంకో అలవాటు ఉంది. వీడియో కోసం తయారైనది కనుక చాలా టీవీలు వెలుగును పూర్తి వివరంగానూ, రంగును సగం వివరంగానూ తీసుకుంటాయి. సినిమాలో అది తెలియదు. తెల్ల కాగితం మీద సన్నని ఎర్ర అక్షరాలు పెట్టి చూడండి, అంచులు చెదిరి మసకగా ఉంటాయి. శుభలేఖల్లో సగం ఎర్ర అక్షరాలే కదా.

4కే, అంటే 3840×2160 చుక్కల తెర, గొప్పదే. 27 అంగుళాల్లో అంగుళానికి 163 చుక్కలు, అక్షరం అచ్చులో ఉన్నంత నున్నగా ఉంటుంది. ముందుముందు మీకు తప్పకుండా ఒకటి ఉండాలని కోరుకుంటాను. ఇప్పుడు వద్దనడానికి రెండు కారణాలున్నాయి. మీ ల్యాప్‌టాప్ పాతదన్నారు. మానిటర్‌ను కలిపే దాని హెచ్‌డీఎంఐ 1.4 రకమైతే 4కే తెరను సెకనుకు 30 సార్లే నడుపుతుంది. మౌసు జరిపితే బాణం వెనకబడుతూ వస్తుంది, రోజంతా అలా పనిచేయడం చిరాకు. రెండో కారణం మన తెలుగు డీటీపీ, అంటే కంప్యూటర్‌లో పేజీలు కూర్చే పని. అను ఫాంట్లు, పేజ్‌మేకర్‌తో మీరు ఇంకా పనిచేస్తూ ఉండవచ్చు, మన ప్రెస్సుల్లో కొన్నింట అది ఇంకా నడుస్తోంది. పేజ్‌మేకర్ 7.0 వచ్చింది 2001లో. 4కే తెరలు అప్పటికి ఎవరి ఇంట్లోనూ లేవు. ఇలాంటి పాత సాఫ్ట్‌వేర్ 4కే మీద చీమంత మెనూలతో తెరుచుకుంటుంది, లేదా విండోస్ దాన్ని సాగదీస్తే మసకబారుతుంది. మీ రోజువారీ పనికి అదే ఆధారమైతే 4కే మీకు సుఖం కంటే శ్రమే ఎక్కువ ఇస్తుంది.

ఇక కొనవలసినది. ఐపీఎస్ ప్యానెల్ (పక్క నుంచి చూసినా రంగు పెద్దగా మారని రకం), 100 శాతం ఎస్‌ఆర్‌జీబీ, 8 బిట్ రంగులు, ఫ్యాక్టరీలోనే రంగులు సరిచేసి 'డెల్టా ఈ 2 కంటే తక్కువ' అని రాసిచ్చినది. డెల్టా ఈ అంటే ఉండవలసిన రంగుకూ కనబడే రంగుకూ మధ్య తేడా. 2 లోపు తేడాను మామూలు కన్ను పట్టుకోవడం కష్టం. పెట్టె మీద '72 శాతం ఎన్‌టీఎస్‌సీ' అని ఉన్నా కంగారు పడకండి, అది దాదాపు ఎస్‌ఆర్‌జీబీ అంత విస్తీర్ణమే. '1 కోటి 67 లక్షల రంగులు' అన్న మాటను మాత్రం కాస్త ఆగి చూడండి. కొన్ని చవక ప్యానెల్‌లు అసలు 6 బిట్‌వే. అవి ఒక్కో మూలరంగులో 64 మెట్లే చూపగలవు. మిగతావాటిని పక్కపక్క ఛాయలను గబగబా మార్చి భ్రమ కల్పిస్తాయి. 8 బిట్‌కు 256 మెట్లు ఉంటాయి. ఎరుపు నుంచి పసుపుకు మెల్లగా కరిగే నేపథ్యం మన శుభలేఖలన్నింటిలోనూ ఉంటుంది. మెట్లు తక్కువైతే అక్కడ చారలు కనబడతాయి. ఆ చార ఫైలుదా, తెరదా అని మీరు తల పట్టుకుంటారు.

మీ బడ్జెట్‌కు దగ్గరలో నాకు నమ్మకమున్నది ఏసస్ ప్రోఆర్ట్ పీఏ248క్యూవీ. 24.1 అంగుళాలు, 1920×1200 చుక్కలు, ఎస్‌ఆర్‌జీబీ పూర్తిగా చూపిస్తుంది. దీని అన్న పీఏ278క్యూవీ 27 అంగుళాలు, 2560×1440. అది మీ 20,000 దాటవచ్చు. బెంక్యూ పీడీ వరుస, డెల్ అల్ట్రాషార్ప్ వరుస కూడా ఇలాంటి పనికే చేసినవి. ధరలు పండగ పండక్కీ మారతాయి కాబట్టి కొనే రోజు చూసుకోండి. ఫ్యాక్టరీ కొలతల కాగితం లేకపోయినా మంచి ఐపీఎస్, పూర్తి ఎస్‌ఆర్‌జీబీ ఉన్న 24 అంగుళాల తెరలు ఇంకా తక్కువలో దొరుకుతాయి, అవీ మీ ల్యాప్‌టాప్ తెర కంటే ఎన్నో రెట్లు నయం.

24.1 అంగుళాలంటే చిన్నదనిపిస్తుందేమో. 16:10 నిష్పత్తి కనుక దాని ఎత్తు పన్నెండు ముప్పావు అంగుళాలు వస్తుంది. ఏ4 కాగితం ఎత్తు 11.7 అంగుళాలు. అంటే ఏ4 పేజీని ఉన్నంత సైజులో, ఒక్క వెంట్రుక కుదించకుండా నిలబెట్టి, పైన మెనూకు కాస్త చోటు మిగుల్చుకోవచ్చు. మడత శుభలేఖ రెండు పేజీలూ పక్కపక్కన అసలు సైజులోనే పడతాయి. అచ్చయిన కార్డును తెర మీద ఆనించి పెట్టి అక్షరం అక్షరం పోల్చుకునే వీలు ఎంత ధైర్యాన్నిస్తుందో వాడితే గానీ తెలియదు. స్టాండు ఎత్తు దించుకునేలా, తెర నిలువుగా తిరిగేలా ఉన్నది తీసుకోండి. నిలువు పోస్టర్లకు, దుకాణాల పొడుగు బోర్డులకు అది వరం. మెడకూ మంచిది: తెర పై అంచు మీ కంటి ఎత్తులో, చేయి చాచినంత దూరంలో ఉండాలి.

అడోబ్ ఆర్‌జీబీ, పీ3 అని ఇంకా విస్తారమైన రంగుల తెరలున్నాయి. 1998లో వచ్చిన అడోబ్ ఆర్‌జీబీ అచ్చు రంగుల కోసమే పుట్టింది, ముఖ్యంగా సయాన్, ఆకుపచ్చల వైపు. కానీ రంగుల ప్రొఫైల్‌ను (రంగులు ఎలా చూపాలో చెప్పే ఫైలును) పట్టించుకోని పాత సాఫ్ట్‌వేర్‌లు అలాంటి తెర మీద ప్రతి రంగునూ అతిగా మెరిపిస్తాయి, కుంకుమ నియాన్ దీపంలా ఉంటుంది. ఇప్పుడున్న ఇబ్బందికి సరిగ్గా వ్యతిరేక దిశలో ఇంకో ఇబ్బంది కొనితెచ్చుకున్నట్టవుతుంది. మీ పనికి పూర్తి ఎస్‌ఆర్‌జీబీ చాలు.

దుకాణానికి వెళ్లేటప్పుడు పెన్‌డ్రైవ్‌లో మీ సొంత ఫైళ్లు తీసుకెళ్లండి. వాళ్లు చూపించే నీలి సముద్రం, చిలకల వీడియోలు ఏ తెర మీదైనా అందంగానే ఉంటాయి. మీ పెన్‌డ్రైవ్‌లో ఆ కుంకుమ శుభలేఖ ఉండాలి, పట్టుచీరలో ఉన్న వధువు ఫోటో ఒకటి ఉండాలి, నలుపు నుంచి తెలుపుకు వెళ్లే బూడిద పట్టీ ఒకటి, ఉత్త తెల్ల పేజీ ఒకటి ఉండాలి. ముందు మెనూలో ఎస్‌ఆర్‌జీబీ మోడ్ పెట్టించండి. ఆ మోడ్‌లో వెలుతురు తగ్గించనిస్తుందో లేదో అక్కడే చూడండి. కొన్ని మానిటర్లు ఆ మోడ్‌లో వెలుతురును బిగించేస్తాయి, రాత్రిపూట ఇంట్లో కళ్లు మండుతాయి. బూడిద పట్టీ ఎక్కడా గులాబీ, ఆకుపచ్చ చాయలు లేకుండా సాఫీగా జారాలి. పట్టుచీర ఫోటోలో నీడలో ఉన్న కుచ్చిళ్లు ఒక్కొక్కటీ విడిగా తెలియాలి, నల్లటి ముద్దగా కనబడితే వద్దు. తెల్ల పేజీ పెట్టి నాలుగు మూలలూ చూడండి. ఒక మూల పసుపుగా, ఒక మూల నీలంగా ఉంటే ఇంకో పీసు అడగండి. తరువాత కుర్చీలోంచి లేచి, పక్కకు ఒక అడుగు వేసి, కుంకుమ ఎరుపునే చూడండి. అది మారకూడదు. ఈ ఒక్క పరీక్షలో ఐపీఎస్‌కూ మిగతావాటికీ తేడా తెలిసిపోతుంది.

తిరుపతి దుకాణాల్లో డిజైన్ మానిటర్లను పెట్టె విప్పి చూపించకపోవచ్చు. ఆర్డర్ ఇస్తే తెప్పిస్తామంటారు. పని మీద చెన్నై వెళ్లేవారు ఎవరైనా ఉంటే రిచీ స్ట్రీట్‌లో చూసి రావచ్చు. ఆన్‌లైన్‌లో కొంటే పెట్టె విప్పుతున్నప్పుడు వీడియో తీయండి, ఆ రోజే నలుపు, తెలుపు, ఎరుపు, ఆకుపచ్చ, నీలం పేజీలు ఒక్కొక్కటీ నిండుగా పెట్టి చచ్చిన చుక్కలున్నాయేమో వెతకండి. వాపసు గడువు దాటాక ఒకటి రెండు చుక్కలకు చాలా కంపెనీలు తెర మార్చవు.

కొన్నారు, తెచ్చారు. ఎక్కడ పెడతారు? దీని గురించి కొంచెం ఎక్కువ చెప్పాలనుంది, ఎందుకంటే నేను దెబ్బతిన్నది ఇక్కడే.

చిత్తూరులో మామిడి గుజ్జు డబ్బాలకు లేబుళ్లు చేసే రోజుల్లో మేం కూర్చునే గదికి మూడు గోడలూ చిలకాకుపచ్చ. పగలంతా కిటికీ వెలుగు ఆ గోడల మీద పడి గదంతా పచ్చగా నిండేది. గంటసేపు అందులో కూర్చుంటే కన్ను ఆ పచ్చదనానికి అలవాటు పడుతుంది. అప్పుడు తెర మీద ఉన్నదేదైనా కాస్త గులాబీగా అనిపిస్తుంది. లేబుల్ మీద తోతాపురి పండు మరీ ఎర్రబడినట్టు తోచి, నేను మెజెంటా తగ్గించాను. ఇంకా ఎక్కువనిపించి మళ్లీ తగ్గించాను. అచ్చయి వచ్చిన లేబుల్ మీద మాగిన పండు లేదు, దోరకాయ ఉంది. ఫ్యాక్టరీ యజమాని ఆ లేబుల్‌ను చేతిలో తిప్పుతూ, 'ఇది చూస్తే లోపల గుజ్జు పుల్లగా ఉందనుకుంటారయ్యా' అన్నారు. ఆ మాట ఇప్పటికీ చెవిలో ఉంది. తెర మంచిదే. గోడ మార్చితే సరిపోయింది.

మన ఇళ్లలో లేత గులాబీ, చిలకాకుపచ్చ, వంగపూవు రంగులు ఇష్టంగా వేసుకుంటాం. గదంతా మార్చనక్కర్లేదు. మానిటర్ వెనక గోడ, మీరు కూర్చున్నప్పుడు కంటికి ఎదురుగా కనిపించేంత మేర, తెలుపో లేత బూడిదో ఉండేలా చూడండి. సున్నం వేసే వీలు లేకపోతే బూడిద రంగు గుడ్డ ఒకటి వేలాడదీయండి. కిటికీ మీకు ఎదురుగానో వెనకగానో కాకుండా పక్కన ఉండాలి. వెనక కిటికీ ఉంటే మే నెల ఎండ తెర మీద పడి నలుపులన్నీ బూడిదవుతాయి. రాత్రి పని చేస్తే పసుపు బల్బు ఆపి తెల్ల ట్యూబ్‌లైటు కింద కూర్చోండి. విండోస్‌లో నైట్ లైట్ ఆన్‌లో ఉంటే ఆపేయండి, అది తెరంతటికీ పసుపు పూసేస్తుంది.

వెలుతురు సంగతి ఇంకా ముఖ్యం. కొత్త మానిటర్లు దుకాణంలో కళ్లు జిగేలుమనేలా ఉండటానికి చాలా ఎక్కువ వెలుతురుతో వస్తాయి. అలాగే వాడితే తెర మీద మసక ఫోటో కూడా వెలిగిపోతుంది. కాగితానికి సొంత వెలుగు లేదు కనుక అచ్చులో అది నల్లబడుతుంది. 'తెర మీద బాగుంది, అచ్చులో చీకటిగా వచ్చింది' అనే ఫిర్యాదుకు చాలాసార్లు కారణం ఇదే. అచ్చుపనికి సాధారణంగా 80 నుంచి 120 క్యాండెలాల (తెర వెలుతురు కొలత) మధ్య పెట్టుకుంటారు. కొలిచే పరికరం లేకపోతే ఇలా చేయండి. ఉత్త తెల్ల పేజీ తెర నిండా తెరవండి. మీరు ఎప్పుడూ శుభలేఖలకు వాడే కాగితం ఒకటి తెర పక్కన, గది వెలుగు పడేలా పట్టుకోండి. తెర దీపంలా, కాగితం కాగితంలా కనబడుతుంది. తెర వెలుతురు మెల్లగా తగ్గిస్తూ రండి. ఒకచోట తెర కూడా వెలగడం మాని కాగితంలా అవుతుంది. అక్కడ ఆపండి. రెండు రోజులు చీకటిగా అనిపిస్తుంది, తరువాత కన్ను అలవాటు పడుతుంది.

రంగులు కొలిచే పరికరాన్ని కలరీమీటర్ అంటారు. మౌసంత ఉంటుంది, తెర మీద వేలాడదీస్తే ఒక్కో రంగును చదివి ఆ తెరకు ప్రొఫైల్ తయారు చేస్తుంది. దాని ధర మీ బడ్జెట్‌లో పెద్ద భాగం మింగేస్తుంది కాబట్టి ఇప్పుడే కొనమని చెప్పను. తిరుపతిలో మీలా ఇంటి నుంచి డిజైన్ చేసేవారు నలుగురైదుగురు తెలిసినవాళ్లుంటే, తలా కొంత వేసుకుని ఒకటి కొనండి. నెలకో రెండు నెలలకో ఒకసారి వాడే వస్తువు, చేతులు మారినా నష్టం లేదు. డిస్‌ప్లేక్యాల్ అనే సాఫ్ట్‌వేర్ ఉచితంగానే దొరుకుతుంది. కొలిచే ముందు తెరను అరగంట వెలిగించి ఉంచండి. తెలుపు 6500 కెల్విన్, గామా (నలుపు నుంచి తెలుపు దాకా ఛాయలు మారే తీరు) 2.2, వెలుతురు 120 లోపు, ఈ మూడు అంకెలు పెట్టుకుంటే చాలు.

ఇంత చేసినా తెర చూపలేనివి కొన్ని, అచ్చు వేయలేనివి కొన్ని మిగులుతాయి. తెర మీద మెరిసే చిలకాకుపచ్చ, నెమలి నీలం, కాషాయానికి పక్కనుండే నిప్పు నారింజ నాలుగు రంగుల సిరాతో అంత మెరుపుగా రావు. తెర నీలాన్ని, అంటే ఆర్‌జీబీలో 0, 0, 255ను, అలాగే పంపితే అచ్చులో వంకాయ రంగు వస్తుంది. మామిడి తోరణం ఆకుపచ్చ కొంచెం వాడినట్టవుతుంది. ఫోటోషాప్‌లో కంట్రోల్, వై కలిపి నొక్కితే అచ్చులో ఎలా ఉంటుందో దాదాపుగా చూపిస్తుంది. షిఫ్ట్ కూడా కలిపితే అచ్చుకు అందని రంగులన్నీ బూడిదగా మారి హెచ్చరిస్తాయి. ముందుగా ప్రెస్సువాళ్లు ఏ సీఎంవైకే ప్రొఫైల్ వాడతారో అడిగి అదే పెట్టుకోండి. బంగారు రేకు అచ్చు మాత్రం ఏ తెర మీదా కనబడదు, దానికి వేరే ప్లేటు, వేరే పని. తెర మీద పసుపు గోధుమ రంగుల గ్రేడియంట్ వేసి పెళ్లివారికి చూపించవద్దు. నిజమైన రేకు ముక్క చేతికివ్వండి.

శ్రీకాళహస్తి కలంకారీ అంచులు శుభలేఖల్లో ఈమధ్య చాలామంది అడుగుతున్నారు. వాటి సంగతి సుఖం. చెట్టు వేరు ఎరుపు, కరక్కాయ పసుపు, నీలిమందు, ఇనుము బెల్లం ఊరబెట్టిన నలుపు, ఇవన్నీ మట్టిలో కలిసే మెత్తని రంగులు. మంచి తెరా చూపిస్తుంది, అచ్చూ పట్టుకుంటుంది. ఇంట్లో కలంకారీ గుడ్డ ముక్క ఉంటే కొత్త తెర పక్కన పెట్టి, దాని ఫోటోతో పోల్చి చూడండి.

పెళ్లివారితో గొడవ రాకుండా ఇంకో పని. వాళ్లు మీ డిజైన్ చూసేది ఫోనులో. ఇప్పటి ఫోను తెరలు రంగులను అసలుకంటే మెరిపించి చూపిస్తాయి. ఆ మెరుపు చూసి సరేనంటారు, కాగితం చూసి ఇది కాదంటారు. మీరు పని ఇచ్చే ప్రెస్సులో అడిగి, ఎవరిదో షీటు అంచున ఖాళీ మిగిలినప్పుడు మీ రంగుల పట్టీ ఒకటి వేయించుకోండి. ఎరుపులు ఎనిమిది, పసుపులు ఐదారు, ఆకుపచ్చలు, నీలాలు నాలుగేసి, ప్రతి గడి కింద దాని అంకెలు. మీ ఊరి ప్రెస్సు, మీ కాగితం, మీ సిరా. పెళ్లివారు వచ్చినప్పుడు ఫోను పక్కన పెట్టించి ఆ పట్టీ మీద వేలు పెట్టి ఎంచుకోమనండి. అంకెలు చూసి అవే ఫైలులో వేయండి. ఇది దాదాపు ఖర్చు లేని పని, మానిటర్ కొనకముందే రేపే మొదలుపెట్టవచ్చు.

మిగతావి చిన్నవి. కరెంటు పోయి వస్తూ ఉంటే మానిటర్‌ను కూడా యూపీఎస్‌కు కలపండి, 24 అంగుళాల తెరకు పెద్దగా కరెంటు పట్టదు. తెర మీద దుమ్మును మెత్తని పొడి గుడ్డతో తుడవండి, అద్దాలు తుడిచే ద్రవం చల్లవద్దు, పైపూత పోతుంది. ల్యాప్‌టాప్ తెరను రెండో తెరగా పక్కన ఉంచుకోండి, పరికరాల పట్టీలు, ఫోల్డర్లు దాని మీద పెట్టుకోవచ్చు, రంగు మాత్రం దాని మీద చూడకండి.

చివరిగా, ఆ ఇటుక రంగు శుభలేఖలను పారేయకండి, ఒక్కటైనా దాచండి. కొత్త మానిటర్ వచ్చి, వెలుతురు సరిచేసుకున్న రోజు ఆ పాత ఫైలునే తెరిచి, కంట్రోల్, వై నొక్కి, ఈ కార్డును తెర పక్కన పట్టుకుని చూడండి. తెర మీద కూడా అదే ఇటుక రంగు కనబడితే మీ తెర సరిగ్గా చెబుతోందన్నమాట. అప్పుడు సయాన్‌ను సున్నాకు దించి, ఎరుపు కుంకుమగా మారేదాకా సరిదిద్దుకుని, ఆ అంకెలను మీ రంగుల పట్టీలో మొదటి గడిగా రాసుకోండి.